గృహము కొనబోవువారు చూడవలసిన పటము



మన యింటివారు గృహము కొనదలచినప్పుడు మనము మొట్టమొదట విచారించునది వాస్తువు. సింహద్వారము తూర్పున నున్నదా, వంటయిల్లు ఆగ్నేయమున నున్నదా, ఈశాన్యము తరిగినదా, వీథిపోటు గలదా యని యడిగి గాని యడుగు ముందునకు వేయము. పిమ్మట నీటివసతి, ఇరుగుపొరుగు, పిల్లల పాఠశాల, దేవాలయము మొదలగువానిని విచారింతుము. ఇవన్నియు నడుగదగిన ప్రశ్నలే. కాని యివన్నియు నేడు కంటికి గనబడుదానిని గూర్చినవి. ఆ యింటి వెనుకనున్న బీడులో రేపేమి రానున్నదను ప్రశ్న నడుగువారు పదుగురిలో నొక్కరైన నుందురో లేదో! ఉన్న వీథి పోటునకు వెరచువారము, ఇంకను వేయని వీథిని గూర్చి విచారింపకుండుట వింత గాదా?

నేడు మన తెలుగు కుటుంబములలో సముద్రములకావల బిడ్డలు గల యిండ్లు పెక్కు. వారచ్చట ఇండ్లు గొనుచున్నారు. ఇచ్చట తల్లిదండ్రులు పొలములమ్మి, నగలు కుదువబెట్టి మొదటి సొమ్మునకు సాయపడుచున్నారు. అందుచేత ఆ యిల్లు వేయి యామడల దూరముననున్నను దాని మంచిచెడ్డలు మన వంటయింటిలోనివే. మా పుట్టింట గడచిన యొక సంగతిని బట్టి, యట్టి యిల్లు కొనువారు ముందుగా జూచుకొనవలసిన దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మేము బిజినేపల్లిలో గాపురముండువారము. మా వారు బడిపంతులు. మా పాలమూరు సీమవారికి కాగితముమీది గీత యెంతపని చేయగలదో యొకరు చెప్పనక్కరలేదు. శ్రీశైలమువద్ద కృష్ణానదికి గట్టదలచిన యానకట్టకు 1963లో శంకుస్థాపన జరిగెను. నీరు నిలిచి యూళ్లు మునిగినది 1981లో. నడుమ పదునెనిమిది వత్సరములు! ఆ కాలములో తీరగ్రామములయం దెన్ని పెండ్లిపందిళ్లు వేసిరో, ఎన్ని యిండ్లకు గ్రొత్త దూలములెత్తిరో! కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పి అలంపురమునకు గొనిపోయి మరల నిలిపిరి. జటప్రోలు, సోమశిల యాలయములును అట్లే తరలినవి. దేవుడు సైతము ఇల్లు మారవలసివచ్చినప్పుడు మానవుల మాట చెప్పనేల?

ఇక మా మండలమునందే వట్టెమువద్ద పాలమూరు-రంగారెడ్డి యెత్తిపోతల పథకమునకు జెందిన జలాశయము గలదు. ఆ పథకమునకు 2015 జూన్ 11వ తేదీన కరివెనలో శంకుస్థాపన చేసిరి. వట్టెము జలాశయము 16.74 టి.యం.సి.ల నీరు పట్టునట్లు సంకల్పింపబడినది. కరవుసీమకు నీరు వచ్చుటకంటె గావలసిన దేమున్నది? మేము దానిని నిందించుట లేదు. కాని నీరు నిలువవలసిన చోట తండాలుండెను. అచ్చటివారు లేచిపోవలసివచ్చెను. అట్లు కదలిన వారిలో నొక ముసలమ్మ సీతాఫలముల కాలమున గంప నెత్తికెత్తుకొని మా వాకిటికి వచ్చుచుండును. ఆమె చదువెరుగదు. ఈ వ్యాసమున ముఖ్యమైన ప్రశ్న ఆమె యడిగినదే.

మా తమ్ముడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు ఉత్తరమున నుద్యోగము చేయుచున్నాడు. ఆ చుట్టుపట్ల ఫ్రిస్కో మొదలగు పట్టణములలో తెలుగువారు పెక్కుమంది స్థిరపడిరి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుని యాలయము కూడ గలదు. కడచిన యాశ్వయుజములో మా తమ్ముడు ఇల్లు కుదిరినదని సంతోషముతో జెప్పెను. తూర్పు వాకిలి, ఆగ్నేయమున వంటయిల్లు, వెనుక గుఱ్ఱములు మేయు విశాలమైన బీడు. ఆ వీథిలోని తక్కిన యిండ్లకంటె వెలయు గొంచెము తక్కువ. "వెనుక నెవరును గట్టరు, గాలికి వెలుతురునకు లోటుండదు" అని అమ్మకము కుదుర్చువాడు చెప్పెనట. వానికి నెలల పసిపాప గలదు; దాని యన్నప్రాశనము క్రొత్త యింటిలో జరుగవలయునని మా తల్లిగారి కోరిక. మొదటి సొమ్ము చాలనందున మా తండ్రిగారు ఊరిప్రక్కనున్న రెండెకరముల చేను అమ్మజూపిరి. బయానా పుచ్చుకొనుటకు గురువారము మంచిదని నిశ్చయించుకొనిరి.

ఆ మంగళవారము ముసలమ్మ వచ్చెను. పండ్లు బేరమాడుచు మేమీ శుభవార్త చెప్పితిమి. ఆమె గంప దింపి యిట్లడిగెను: "పంతులమ్మా, ఆ యింటెనుక రాళ్లు పాతిర్రా? సర్వేటోళ్లు తిరిగిర్రా? ముందుగాల గది అడుగున్రి. మేం ఇంటిమీద కొత్త రేకులేసినంక వచ్చిర్రు మా కాడికి."

మేము నవ్వితిమి. కాని నవ్వు నిలువలేదు. ఆ రాత్రి తమ్మునితో మాటలాడుచు, "తమ్ముడా, ఆ బీడులో నెవరైన కొలతలు కొలిచి రాళ్లు పాతిరా?" యని యడిగితిమి. వాడును నవ్వెను. "అక్కా, ఇచ్చట రాళ్లు పాతుటకు ముందే పటములు ప్రకటింతురు. ఎవరైన జూచుకొనవచ్చును" అనెను. "అట్లయిన నీవు చూచితివా?" అంటిమి. వాడు కొంతసేపు మాటలాడలేదు.

మరునాడు వాడే పిలిచెను. సంగతి యిది. ఆ ప్రాంతమున తూర్పుపడమరలుగా 380వ సంఖ్యగల రాజమార్గము పోవుచున్నది. జనులు పెరిగి, వాహనములు పెరిగి, ఆ త్రోవ చాలకపోయినది. అందుచే రాష్ట్ర రవాణాశాఖవారు కాలిన్ కౌంటీలో నూతన మార్గమును వెదకి, 2020లో నొక యధ్యయనమును ముగించి తాము మెచ్చిన త్రోవను జూపిరి. మెకిన్నీ పట్టణమువారు మా వైపు వలదనిరి. ప్రాస్పరు పట్టణమువారు మా వైపు వలదనిరి. 2023 ఆరంభమున పర్యావరణ నివేదిక చిత్తుప్రతి వెలువడెను. ప్రజల యభిప్రాయములను స్వీకరించిన పిమ్మట ఆ సంవత్సరమే సెప్టెంబరు మాసమున దుదినిర్ణయమును బ్రకటించిరి. పొడవు దాదాపు 15 మైళ్లు. నడుమ ఎనిమిది వరుసల వాహనములు పోవు మార్గము, ఇరుప్రక్కల వేరుగా సేవామార్గములు. ఆ గీత మా తమ్ముడు మెచ్చిన గుఱ్ఱముల బీడు మీదుగా బోవుచున్నది.

ఇల్లు పోదు. బీడు పోవును. ఈ భేదమును సోదరీమణులు చక్కగా గ్రహింపవలయును. భూమి తీసికొనబడినవానికి న్యాయమైన ప్రతిఫలమీయవలయునని అమెరికా రాజ్యాంగము చెప్పుచున్నది. కాని అంగుళమైనను బోని పొరుగువానికి, రేయింబవళ్లు చెవిని బడు మ్రోతకును గిటికీపై నిలుచు దుమ్మునకును వెలగట్టి యిచ్చువారు సామాన్యముగా నుండరు. వీథిలో నా యొక్క యింటి వెల యేల తగ్గినదో యప్పుడు బోధపడినది.

టెక్సాసులో పాతయిండ్ల విక్రయపత్రములయందు కొనువాడు స్వల్పమైన రుసుము చెల్లించి కొన్ని దినముల గడువు పొందవచ్చును. ఆ దినములలో నే కారణము చెప్పకయే ఒప్పందము విడిచిపెట్టవచ్చును. గడువు దాటినచో బయానా పోవు భయము గలదు. మా తమ్మునికి మూడు దినములు మాత్రమే మిగిలియుండెను. అమ్మకము కుదుర్చువాడు, "మార్గము వచ్చిన నీ యింటి వెల పెరుగును" అనెనట. అది యబద్ధమని మేమనజాలము. అంగడి పెట్టువానికి పెరుగవచ్చును. పసిపాపను నిద్రపుచ్చవలసిన తల్లికి వెల పెరిగిన నేమి, తరిగిన నేమి? వాడు గడువులోపల విరమించుకొనెను. గడువు రుసుమును, ఇల్లు పరీక్షించిన వానికిచ్చిన కూలియు మాత్రము పోయినవి. మరదలు రెండు దినములు అన్నము ముట్టలేదట. మా తల్లిగారు, ముసలిదాని మాట పట్టుకొని శుభకార్యము చెడగొట్టితిమని మాతో వారము దినములు పలుకలేదు. ఇది దాచుట యెందులకు? చక్కగా విచారించుటవలన గలుగు మేలు కంటికి గనబడదు. చేజారిన యిల్లు మాత్రము కనులయెదుట నిలుచును.

మహాభారతము చదివిన వారికి లక్కయింటి కథ తెలియును. వారణావతమునందలి యా గృహము చూచుటకు మనోహరమైనది. ధర్మరాజు లోన నడుగు పెట్టినతోడనే నేతివాసన, లక్కవాసన పసిగట్టెను. విదురుని హెచ్చరిక యంతకుముందే యాతని చెవిని బడియుండెను. అయినను ఆ యింటనే యుండవలసివచ్చినందున బిలము త్రవ్వించుకొని బ్రతికి బయటపడిరి. నాటి దుస్సంకల్పము గోడలలో దాగియుండెను. నేటి రహదారులు, రైలుమార్గములు, జలాశయములు దుస్సంకల్పములు గావు; లోకహితమునకై పుట్టినవే. అవి దాగియుండునవియు గావు. విదురుడు మారుభాషలో జెప్పనక్కరలేదు. ప్రభుత్వమువారే పటము గీసి, సభ జరిపి, నలుగురికి జూపుచున్నారు. వినవలసినవారే వినుట లేదు.

కావున విదేశమున నిల్లు గొనువారు చూడవలసిన దేమి? మొదటిది, దస్త్రములెచ్చట నున్నవో తెలిసికొనుట. అమెరికాలో నొకే కచ్చేరియందు సర్వమును దొరకదు. పెద్దమార్గములు రాష్ట్ర రవాణాశాఖవద్ద, చిన్నమార్గములు కౌంటీవద్దను పట్టణమువద్దను నుండును. ఏ బీడులో నేమి కట్టనిత్తురో పట్టణపు భూవినియోగ పటము చెప్పును. టెక్సాసులో పెద్ద విద్యుత్తీగెల త్రోవలను నిర్ణయించుట రాష్ట్ర విద్యుత్సంస్థల నియంత్రణ సంఘమువారి పని. పెద్ద పథకములకు సమాఖ్య ప్రభుత్వపు ధనముగాని యనుమతిగాని కావలసివచ్చినచో, 1970 జనవరి 1న సంతకమైన జాతీయ పర్యావరణ చట్టము ననుసరించి పరిశీలన జరుగును. అతి పెద్దవానికి వివరమైన నివేదికయు వెలువడును. ఆ నివేదికలోని పటములు చూచుటకు పైసా ఖర్చు లేదు.

రెండవది, పథకమే దశలో నున్నదో యరయుట. ఊరక తలపెట్టినదా, అధ్యయనము జరుగుచున్నదా, త్రోవ నిర్ణయమైనదా, ధనము కేటాయింపబడినదా, భూమి కొనుచున్నారా? తొలిదశలలో గీత యటునిటు కదలును. కావున మెచ్చిన గీత నొక్కదానినే కాక, విడిచిన గీతలను గూడ జూడవలయును. మెకిన్నీకిని ప్రాస్పరునకును జరిగిన వాదము చూచితిమి గదా! నేడు మనకు దూరమైన గీత రేపు దగ్గరకు రావచ్చును.

మూడవది, ఖాళీస్థలమును నమ్మకుండుట. ఇంటివెనుక బీడు ఎంత యందముగా నున్నను అది మనది కాదు. ఎవరిదో, వారేమి చేయదలచిరో యడుగవలయును. ఖాళీగా నున్న చోటనే గదా గీత గీయుట సులువు.

నాలుగవది, రానున్న వసతికి సొమ్మెవరిత్తురని యడుగుట. టెక్సాసులో నూళ్ల శివారులయందు లేచు క్రొత్త వీథులకు నీరు, మురుగు కాలువలు సమకూర్చుటకు మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు అను సంస్థ లేర్పడుచున్నవి. అవి ఋణపత్రములమ్మి పనులు చేయించి, ఆ ఋణమును నివాసులపై బన్నుగా వసూలు చేయును. అట్టి ప్రదేశమున నిల్లమ్మువారు కొనువారికి లిఖితపూర్వకముగా దెలుపవలయునని యచ్చటి చట్టము. నలువదియేబది కాగితములలో నదియు నొక కాగితమై వచ్చును. చదువక సంతకము చేసినవారు, ఏటేట బన్ను చీటి వచ్చినప్పుడు నివ్వెరపడుదురు.

అయిదవది, గడువు. పైవన్నియు నొప్పందమునకు ముందో, విరమించుకొను గడువులోపలనో చేయవలసినవి. గృహనిర్మాతలయొద్ద నేరుగా గ్రొత్తయిల్లు గొనునప్పుడు వారు తమ సొంత ఒప్పందపత్రము నుపయోగింతురు. అందట్టి గడువు తరచుగా నుండదు. అట్టిచోట బయానా యిచ్చుటకు ముందే సర్వమును విచారింపవలయును.

ఇతర దేశములలో బద్ధతులు వేరు. ఇంగ్లండులో గొనువాని న్యాయవాది స్థానికసంస్థకు ప్రశ్నావళి పంపును. ఇంటికి 200 మీటర్లలోపల గ్రొత్త రహదారిగాని రైలుమార్గముగాని రానున్నదా యని యందడుగుదురు. కాని ప్రక్క స్థలమున నెవరికైన గట్టడమున కనుమతి యిచ్చిరా యను సంగతి సామాన్యముగా నందు దేలదు. దానిని వేరుగా విచారించుకొనవలయును. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున, 1979వ సంవత్సరపు చట్టములోని 10.7వ విభాగమును బట్టి యిచ్చు ప్రణాళికాపత్రమును విక్రయపు ఒప్పందమునకు జతపరుపవలయును. రోడ్డు వెడల్పునకు ఆ భూమి లోబడునా యని యది చెప్పును.

ఆ రాష్ట్రమందలి సిడ్నీ నగరపు కథ మరియొక సంగతిని బోధించును. పడమట బాడ్జరీస్ క్రీక్ అను చోట రెండవ విమానాశ్రయము గట్టవలయునని 1986లోనే స్థలము నెన్నుకొనిరి. ఏండ్లు గడచినవి. 2014లో మరల నదే స్థలమును నిశ్చయించి 2018లో పని మొదలిడిరి. రాత్రులందును విమానములు దిగునట్లు ఏర్పాటు చేసిరి. అయినను ఏ విమానమే దారిని బోవునో తెలుపు ఆకాశమార్గముల ముసాయిదా 2023లో గాని ప్రజలకు దెలియలేదు. కావున భూమిమీది గీతలనే కాదు, ఆకాశముమీది గీతలను గూడ విచారింపవలసిన కాలము వచ్చినది.

కీడు మాత్రమే కాక, మేలు గూడ గాగితముమీదనే యుండిపోవచ్చును. "రైలు రానున్నది, వెల రెట్టింపగును" అని కొనిపించువారు గలరు. ఇంగ్లండులో నతివేగ రైలుమార్గమునకు 2010లో యోచన ప్రకటించిరి. లీడ్సు నగరమునకు బోవు శాఖను 2021లో విరమించిరి. బర్మింగుహాము నుండి మాంచెస్టరునకు బోవు భాగమును 2023 అక్టోబరులో రద్దుచేసిరి. కెనడాలో టొరాంటో నగరమునకు దూర్పున పికరింగువద్ద విమానాశ్రయమునకై 1972లో వేలకొలది యెకరములు తీసికొనుటకు ప్రకటించిరి. ఇండ్లు విడిచి పలువురు పోయిరి. విమానాశ్రయము మాత్రము రాలేదు. 2025 జనవరిలో దానిని గట్టుట లేదని ప్రభుత్వమువారు ప్రకటించిరి. రైలు రాకున్నను నీ యింట నుండగలమా యని యడిగికొని, ఉండగలమన్న నమ్మకము గలిగిననే కొనవలయును. వచ్చిన నది లాభము; రాకున్న నష్టము లేదు.

ఇదంతయు విదేశముల మాటయని యూరకుండవలదు. మన దేశమున 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము ప్రకారము ప్రాథమిక ప్రకటన వెలువడిన పిమ్మట, కలెక్టరుగారి ప్రత్యేకానుమతి లేక యా భూమిని గొనుటయు నమ్ముటయు గూడదు. ఇంటిస్థలము కొనబోవువారు రహదారి పేరు, కాలువ పేరు, జలాశయము పేరు తహసీలుదారుగారి కచ్చేరిలో విచారించి మరి బయానా యిచ్చుట మేలు.

"ఆడువారము, దూరముననున్నవారము, మాకీ పటములు తెలియునా?" యని కొందరందురు. తెలియనక్కరలేదు. ముసలమ్మకు టెక్సాసు తెలియదు, పటము తెలియదు. ప్రశ్న తెలియును. బిడ్డడు ఇల్లు చూపి మురిసిపోవునప్పుడు, "వాకిలి యెటున్నది?" అని యడిగిన నోటితోనే, "వెనుక నేమి రానున్నదో పటము చూచితివా, నాయనా?" యని మెల్లగా నడిగిన జాలును. చూచిన వాడైన సంతోషముతో జెప్పును. చూడనివాడైన నా రాత్రియే చూచును. అడిగినందుకు వారము దినములు మాటలు లేకపోయిన నేమి?

మా తమ్ముడింకను అద్దె యింటనే యున్నాడు. పాప యన్నప్రాశనము ఆ యింటనే జరిగినది. వేరొక యిల్లు చూచుచున్నాడు. పటము ముందు, వాస్తువు తరువాత చూచుచున్నానని చెప్పెను. మా తల్లిగారు దానికి మాత్రము ఒప్పుకొనలేదు. రెండును గలిపి చూడుమనిరి. మా తండ్రిగారు చేనమ్మలేదు. ఆ కార్తికములోనే దానియందు వేరుసెనగ విత్తిరి. పంట యింటికి వచ్చినప్పుడు మా తల్లిగారే ఒక చాట కాయలు వేరుగా దీసి, "ఇవి సీతాఫలముల ముసలమ్మకు పెట్టుము" అని మా కిచ్చిరి.